పాముల గదిలో తోడుకోని పాలు

నేను పాముకి పాలు పొయ్యలేదు. ముందు ఆ సంగతి తేల్చేసి తరవాత మిగతాది చెబుతాను.

సింగపూర్‌లో మన తెలుగువాళ్ల విందుల్లో రెండేళ్లుగా తిరుగుతున్న కథ ఇదీ: ఫలానా ఆవిడ, అంటే నేను, కూతురికి పెళ్లి కుదరక, నాగదోషం ఉందని ఎవరో సిద్ధాంతి చెబితే, పనిచేసే చోట పాము ముందు వెండిగిన్నెలో పాలుపెట్టి, పసుపు చల్లి, దణ్ణం పెట్టుకుంటూ మేనేజరుకి దొరికిపోయింది. కిందటి నెల సెరంగూన్‌లో ఒకరి గృహప్రవేశానికి వెళ్తే, పులిహోర వడ్డిస్తూ ఒకావిడ అడిగింది, "ఇంతకీ తాగిందా వదినా?" అని. గరిటె ఆవిడ చేతిలో ఉంది, ఆకలి నా కడుపులో ఉంది. మర్యాదగానే జవాబు చెప్పాను. ఇక్కడ ఆ మొహమాటం అక్కర్లేదు.

నా కూతురికి పందొమ్మిదేళ్లు. పాలిటెక్నిక్‌లో చదువుతోంది. పెళ్లి మాటెత్తితే "ప్లీజ్ లా, అమ్మా" అని తలుపేసుకుంటుంది. గిన్నె వెండిది కాదు, స్టీలు డబ్బా. పసుపు లేదు. అసలు ఆ పెట్టెలో పామే లేదు. పాములు పాలు తాగవని, బీఎస్సీ జువాలజీ చదివిన నాకు, వేలు చూపించి మరీ బోధించినవాళ్లున్నారు. ఆ పాలు పాముకోసం కాదు, నాకోసం. అది పెరుగు. కాకపోతే పెరుగు కాలేదు. గొడవంతా అక్కడే ఉంది.

ఈ దేశంలో ఇంట్లో పాముని పెంచుకోవడం నేరం. మాకు అనుమతి ఉంది. బుకిట్ బటోక్‌లో ఒక భవనం మూడో అంతస్తులో జంతువుల గురించి బడిపిల్లలకి చెప్పే చిన్న కేంద్రం మాది. పిల్లలు వస్తారు, తాబేలుకి ఆకులు పెడతారు, కుందేలుని నిమురుతారు, పాముల గదికి రాగానే ముందుకి తోసుకుంటారు. వెనక దాక్కునేది టీచర్లు. పాములు మూడు. మూడూ కార్న్ స్నేకులు. విషం లేదు, కోపం అంతకన్నా లేదు. వాటి పెట్టెలు కడగడం, నీళ్లు మార్చడం, ఐసుగడ్డలా ఉన్న ఎలుకని వేడినీళ్లలో కరిగించి పట్టకారుతో అందించడం నా పని. గుడ్డు వాసన తెలియని ఇంట్లో పుట్టాను నేను. ఇప్పుడు ఎలుక లోపలిదాకా కరిగిందో లేదో వేలితో నొక్కి చెప్పగలను.

ఆ మూడిట్లో పెద్దది పన్నెండేళ్ల ఆడపాము. పండుమిరప రంగు, వీపు మీద నల్లంచు మచ్చలు. దాన్ని నేను పెద్దావిడ అంటాను. ఎంతమంది పిల్లలు చేతుల్లోకి తీసుకున్నా ఒక్కసారి కూడా విసుక్కోలేదు. నాకు లేని గుణం కదా, అందుకే ఆవిడంటే గౌరవం.

ఇక ఆ గది. సింగపూర్‌లో పాముకి చలేమిటని మీరడగొచ్చు, అందరూ అడిగారు. బయట ముప్పై రెండు డిగ్రీలు. ఫుట్‌పాత్ మీద నిలబడితే పాము హాయిగా బతుకుతుంది, మనిషే సొమ్మసిల్లుతాడు. కానీ మా గదికి కిటికీ లేదు. ఏసీ ఆపితే రెండు రోజుల్లో గోడలకి బూజు. అందుకని ఇరవై నాలుగు గంటలూ ఏసీ. ఆ చలికి పాములు ముడుచుకుపోకుండా ఒక్కో పెట్టెకింద ఒక పక్కగా కరెంటుతో వేడెక్కే పల్చటి పట్టీ. పట్టీ మరీ కాలిపోకుండా దానికో థర్మోస్టాట్. పెట్టెలో ఒక కొస వెచ్చగా, ఒక కొస చల్లగా ఉంటే పాము తనకి కావలసిన చోటికి జరుగుతుంది. బయట దేవుడు ఊరికే ఇస్తున్న వేడిని కరెంటు పెట్టి గెంటేసి, మళ్లీ కరెంటు పెట్టి లోపలికి తెచ్చుకోవడం. ఇది మనుషులకి తప్ప ఇంకే జంతువుకీ తట్టదు.

ఇప్పుడు నా నేరం చెప్పాలి. ఆఫీసుకీ పాముల గదికీ ఏసీ ఒకటే, రిమోట్ ఒకటే. నాకు ముట్లు ఆగే వయసు. ఉన్నట్టుండి మెడ దగ్గర పుట్టిన మంట చెవులదాకా పాకి, చీర జాకెట్టుతో సహా తడిసిపోయేది. నేను పొయ్యిమీద కూచుని ఉంటే, పక్కన మేనేజరు పిల్ల స్వెట్టర్ వేసుకుని వేడి టీ తాగుతుండేది. ఇరవై ఎనిమిదేళ్లు దానికి, ఆస్ట్రేలియాలో జంతుశాస్త్రం చదివొచ్చింది. చైనీస్ పిల్ల, మంచి పిల్ల, మాటకి ముందు ఒక "ఆంటీ", మాట తరవాత ఇంకో "ఆంటీ".

ఇరవై నాలుగులో ఉన్న ఏసీని ఇరవైకి దించాలని వారం రోజులు వాదించాను. "పాములకి ఏమవుతుందో, ఆంటీ" అంది. "పట్టీలున్నాయి, థర్మోస్టాట్లున్నాయి. నాకేమున్నాయి?" అన్నాను. దానికి జవాబు ఏ యూనివర్సిటీలోనూ చెప్పరు. ఇరవైకి దించింది.

ఏసీ తగ్గించాను కదా అని నాక్కూడా కొంచెం మనసులో గుచ్చుకుంది. పెట్టెల్లో పరిచే చెక్కపొట్టు అంగుళం ఉండేది. నాలుగంగుళాలు చేశాను. చలికాలంలో పిల్లలకి కింద ఇంకో బొంత వెయ్యమూ? అలాగే. రోజూ పొద్దున్న చెయ్యిపెట్టి చూసేదాన్ని. వెచ్చగానే తగిలేది. ముప్పై ఏళ్లుగా పాలు తోడుకి సరిపడా ఉన్నాయో లేదో చెప్పిన చెయ్యి ఇది. నమ్మాను. గోడమీద థర్మోస్టాట్ అంకె కూడా అదే చెప్పేది: ముప్పై ఒకటి.

ఏసీ దించిన నెలకి పెద్దావిడ తిన్న ఎలుకని కక్కేసింది. తిన్న మూడోరోజు, అరగకుండా, అలాగే. ఎలుక పెద్దదైందేమో అంది మేనేజరు. రెండు వారాలు కడుపు ఖాళీగా ఉంచి, చిన్న ఎలుకని పెట్టాం. మళ్లీ కక్కింది. మిగతా రెండూ వయసులో ఉన్నవి, ఎలాగో అరిగించుకుంటున్నాయి. వెన్ను మీద ఎముక గట్టులా లేచింది. డాక్టరొచ్చాడు. నెమ్మదిగా మాట్లాడే పెద్దాయన. "వేడి సరిగ్గా ఉందా?" అని మొదటి ప్రశ్నే అడిగాడు. మేనేజరు ఫోన్‌లో అంకె ఫోటో చూపించింది. ముప్పై ఒకటి. ఆయన తల ఊపి, అయితే లోపల ఏదో జబ్బు కావచ్చన్నాడు. ఇంకొక్కసారి కక్కితే తట్టుకోలేదన్నాడు.

ఆ మర్నాడు మేనేజరు బల్లమీద ఒక ఫారం కనిపించింది. పెద్దావిడని 'నిద్రపుచ్చడానికి' అనుమతి. ఆ మాటొకటి, జోలపాట పాడతారేమో అన్నట్టు. సంతకం ఒక్కటే బాకీ.

"ఇంకో రెండు వారాల తరవాత ఒకసారి పెడదాం, ఆంటీ. అప్పుడూ కక్కితే బాధపెట్టడం న్యాయం కాదు" అంది, కళ్లు ఎత్తకుండా.

నేను వెళ్లి పెద్దావిడ నీళ్లు మార్చాను. 

ఇప్పుడు పెరుగు. ఒంట్లో మంటకి పెరుగన్నం చలవ అని అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా చెప్పేది. కానీ టాంపినీస్‌లో ఇంటిదగ్గర తోడుపెట్టిన పెరుగు, గంటంపావు రైల్లో ఊగి, మధ్యాహ్నానికి నోట్లో పెట్టుకుంటే కన్ను మూసుకుపోయే పులుపు. ఆఫీసులో తోడుపెడదామంటే ఇరవై డిగ్రీలు. పాముల గదిలో నాలుగో పెట్టె ఖాళీగా ఉంది. కొత్త పాము వస్తే విడిగా ఉంచడానికని పట్టీ వెలిగించి, చెక్కపొట్టు పరిచి, అన్నీ మిగతా పెట్టెల్లాగే సిద్ధంగా ఉంచాం. పాముకి ముప్పై ఒకటి, పెరుగుకీ ముప్పై ఒకటి. సాయంత్రం తోడుపెట్టి వెళ్తే పొద్దున్నకి కమ్మగా తోడుకుంటుంది, ఫ్రిజ్‌లో పెట్టుకుంటే మధ్యాహ్నం అమృతం. మనం చేసిన పని తప్పే. జంతువుల గదిలో తినే వస్తువు పెట్టకూడదు. కానీ గూట్లో పిల్లలేని పక్షిలా ఆ పట్టీ ఊరికే వేడెక్కుతుంటే నా ప్రాణం ఒప్పుకోలేదు.

ఒక సాయంత్రం ఆరింటికి పాలు వేడిచేసి, తోడువేసి, మూతపెట్టిన డబ్బాని వెచ్చటి కొసన పెట్టాను. డబ్బాలో పట్టని పాలు సీసాలో పోసుకుని ఇంటికి తీసుకెళ్లాను.

పొద్దున్న ఇంట్లో సీసా వంచితే జారలేదు, గట్టి పెరుగు. తోడువేసిన పాలు కదపకూడదంటారు కదా, ఈ పాలు రెండు రైళ్లు మారాయి. ఎనిమిదింటికి ఆఫీసులో డబ్బా మూత తీశాను. పాలు. ఒట్టి పాలు. అంచున చిన్న తొరక కూడా కట్టలేదు.

అవే పాలు, అదే తోడు. ఒకటి రైలెక్కి తోడుకుంది, ఒకటి ముప్పై ఒకటి డిగ్రీల పరుపుమీద పద్నాలుగు గంటలు పడుకుని తోడుకోలేదు. నేను డబ్బా పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఒక్కో ముక్కా అప్పుడే తలకెక్కుతోంది. వెనక తలుపు తెరుచుకుంది.

"ఆంటీ, ఏంటది?"

"పాలు."

"పాముకి పెడుతున్నారా?"

"నాకు."

ఆ పిల్ల ఒకడుగు వెనక్కి వేసింది. "మీకా? పాము పెట్టెలోనా?"

"పెరుగు తోడుపెట్టాను. తోడుకోలేదు. నీ ముప్పై ఒకటి అబద్ధం."

"ఆంటీ, తినేవి తేకూడదని ఆ బోర్డు అంటించింది మీరే."

"అంటించాను. తప్పే. రిపోర్టు రాసుకో. కానీ ముందు ఈ పాలు చూడు."

ముందు ఫోటో తీసింది. రిపోర్టుకి అది కావాలిట. ఫోటో స్టాఫ్ గ్రూపులో పడింది. ఆ గ్రూపులో భవనం ఏసీలు చూసే అంకుల్ కూడా ఉన్నాడు. ఆయన మలేసియాలో పుట్టిన తెలుగాయన, అరవై దాటాయి, పని కోసం ఇటొచ్చి స్థిరపడ్డాడు. మీరు విన్న కథకి తండ్రి ఆయనే. తరవాత నిలదీశాను. "నేనేటి చేసినానమ్మా? మా ఆడదానికి ఫోటో చూపించినాను, అంతే" అన్నాడు. మీ ఆవిడకి చూపిస్తే సింగపూర్ అంతటికీ చూపించినట్టే అంకుల్, అన్నాను. ఆయన కాదనలేదు, కొంచెం గర్వపడ్డాడు కూడా.

ఆ పొద్దున్న మాత్రం మేనేజరు ఒప్పుకోలేదు. "పెరుగు థర్మామీటర్ కాదు, ఆంటీ. తోడు పాడై ఉండొచ్చు."

అక్కడ నాకు మండింది. ఈ మంట వయసుది కాదు. "నీ మీటరుకి ఆరునెలలకోసారి బ్యాటరీ మార్చాలి. నా తోడు పదమూడేళ్లుగా రోజూ పని చేస్తోంది, ఒక్కరోజు సెలవు పెట్టలేదు. సగం ఇంట్లో తోడుకుంది, సగం ఇక్కడ తోడుకోలేదు. ఇంట్లో ఏముంది, ఇక్కడ ఏం లేదు? అది చెప్పకుండా ఆ ఫారం మీద సంతకం పెట్టావంటే నేను ఊరుకోను."

నా గొంతు మా అంతస్తు దాటి వెళ్లినట్టుంది. అంకుల్ నిచ్చెనతో సహా వచ్చాడు. తలుపు తీస్తూనే భుజాలు ముడుచుకుని, "అయ్యో, ఎంత సెజుక్ అమ్మా ఇక్కడ! పాము మకాన్ చేస్తే ఎలా అరుగుద్ది?" అన్నాడు. మలయ్‌లో సెజుక్ అంటే చలి, మకాన్ అంటే తిండి. డాక్టరు అంకె చూసి వదిలేసిన మాట ఆయన గడప మీద అనేశాడు.

ఆయన దగ్గర తుపాకీలాంటి మీటర్ ఉంటుంది, గురిపెడితే అక్కడ ఎంత వేడుందో చూపిస్తుంది. పెద్దావిడ పెట్టెకింద పట్టీకి గురిపెట్టాడు. ముప్పై ఒకటి. మేనేజరు నావైపు చూసింది. పైన చెక్కపొట్టు మీద గురిపెట్టాడు. ఇరవై మూడు. నేను మేనేజరువైపు చూశాను. చల్లటి కొసన ఇరవై ఒకటి. అంటే పెద్దావిడకి వెచ్చటి కొస అనేదే లేదు. ఎటు జరిగినా చలే.

థర్మోస్టాట్ తీగ కొస పట్టీకే అంటించి ఉంది. అది తన పక్కనున్న పట్టీ వేడినే చెబుతోంది, పాము పడుకునే చోటు సంగతి దానికి తెలీదు. పైన జాలీ మూత, మూతకి సరిగ్గా ఎదురుగా ఏసీ గాలి. పుట్టిన కాస్త వేడీ జాలీలోంచి ఎగిరిపోతోంది.

"అంతా సరే, వేడి పైకి రాకుండా ఈ పరుపేటమ్మా ఇంత ఎత్తు? దీన్ని ఎవులు పరిచినారు?" అన్నాడు అంకుల్, పొట్టులో వేలు దింపి.

 ఎవరో మాట్లాడాలి.

"నేనే" అన్నాను.

"ఏసీ కూడా..." అని మొదలుపెట్టింది మేనేజరు.

"అదీ నేనే."

పొట్టు చేతికి ఎప్పుడూ వెచ్చగానే తగులుతుందని, అది వేడి ఇవ్వదు, మన వేడిని లాక్కోదు, అంతేనని నాకు డిగ్రీలో చెప్పారు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. వాదనలో నేనే గెలిచాను. తీరా చూస్తే అవతలి పక్షం కూడా నేనే.

ఆ పూటే పని మొదలెట్టాం. పొట్టు మళ్లీ అంగుళానికి దించాను. తీగ కొసని పట్టీకి సరిగ్గా పైన, పెట్టె లోపల నేలమీద ఉండేలా అంకుల్ క్లిప్పుతో బిగించాడు. టేపు వద్దని నేను అడ్డం పడ్డాను, పాము పొలుసు టేపుకి అంటుకుంటే చర్మం ఊడొస్తుంది. మూడువైపులా థర్మాకోల్ పలకలు నిలబెట్టాం. జాలీ మూతని గాలి ఆడేంత వదిలి మిగతాది కప్పేశాం. పెట్టెలుండే అల్మారా మొత్తాన్ని ఏసీ గాలి తగలని గోడకి జరిపాం. ఏసీ ఇరవై నాలుగు. నాకు మేనేజరు మెళ్లో వేసుకునే చిన్న ఫ్యాను కొనిచ్చింది, గులాబీ రంగుది. వేసుకున్నాను. ఇంట్లో మావారు చూసి, "ఏమోయ్, మెడకి హెలికాప్టర్ కట్టుకున్నావు, ఎప్పుడు లేస్తావు?" అన్నారు. ఆ రోజు పప్పులో ఉప్పెయ్యడం మర్చిపోయాను.

మూడోరోజుకి వెచ్చటి కొస ముప్పై దగ్గర, చల్లటి కొస ఇరవై ఐదు దగ్గర నిలబడ్డాయి. ఆ రెండూ రోజూ తుపాకీతోనే చూసి పుస్తకంలో రాశాను. చేతిని నమ్మడం మానేశాను. ఫారం మాత్రం మేనేజరు బల్లమీద ఉన్నచోటే ఉంది.

ఆకలితో ఉంచాల్సిన రోజులు పూర్తయ్యాక, వేలి మొదటి కణుపంత ఎలుకపిల్లని కరిగించాను. పెద్దావిడ నాలిక రెండుసార్లు ఆడించి, ఆలోచించి, మింగింది. పొట్టలో ఒక చిన్న ఉబ్బు మెల్లగా వెనక్కి జరిగింది. ఇక ఎవరూ తాకకూడదు. తిన్నపాముని కదిపితే ఆ కుదుపుకే కక్కుతుంది.

మొదటిరోజు గడిచింది. రెండోరోజు బడిపిల్లలొస్తే గది తలుపుకి అడ్డంగా కుర్చీ వేసుకు కూచున్నాను. ఒక టీచరు "పాములు లేవా?" అంటే "నిద్రపోతున్నాయి" అన్నాను. ఆ మాట నా నోటినుంచి రాగానే బల్లమీది ఫారం గుర్తొచ్చింది. మూడోరోజు ఆదివారం, నాకు సెలవు. పొద్దున్నే రైలెక్కాను.

వెళ్లేసరికి ఏసీ అంకుల్ అక్కడే ఉన్నాడు. ఆయనకీ ఆదివారం సెలవే.

"మీరెందుకొచ్చారు అంకుల్?"

"ఫిల్టర్ కడగాలమ్మా."

చేతిలో బకెట్ లేదు.  ఇద్దరం అద్దంలోంచి చూశాం. పొట్టుమీద ఎలుక లేదు. తడిలేదు, వాసన లేదు. పెద్దావిడ వెచ్చటి కొసన చుట్ట చుట్టుకుని ఉంది, ఉబ్బు సగానికి తగ్గింది. అంకుల్ నెత్తిమీద టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "ఇంక మనం కూడా మకాన్ చేద్దాం రా అమ్మా" అన్నాడు. కింద తిండి అంగళ్లుండే హాకర్ సెంటర్‌లో ఆయన రెండు ప్లేట్లు తిన్నాడు. నేను ఫోన్‌లో మేనేజరుకి ఫోటో పంపాను. జవాబుగా ఏడుపుబొమ్మలు పదిహేను వచ్చాయి. సోమవారం ఆ ఫారం బల్లమీద లేదు. 

నెలరోజుల తరవాత డాక్టరొచ్చి వెన్ను తడిమి, బాగుందన్నాడు. అప్పుడు నేను పాత పుస్తకం తీసి ఆయన ముందు పెట్టాను. రోజుకో వరుస, తిండి, వేడి, నడవడిక. చలిలో ఉంచిన ఆ రోజులన్నిటా నడవడిక గడిలో నా చేతిరాత: ప్రశాంతం. ప్రశాంతం. ప్రశాంతం. కక్కిన రెండు రోజులూ తప్ప అన్నీ ప్రశాంతమే.

"పాములు బాధ దాచుకుంటాయి. నడవడికలో మార్పు గమనించాలి" అన్నాడాయన.

"ఏ మార్పు?"

"కదలిక తగ్గుతుంది."

పెట్టెవైపు చూశాను. ఒళ్లు బాగుండి, కడుపు నిండి, ముప్పై డిగ్రీల్లో పడుకున్న పెద్దావిడ పొద్దున్నుంచీ ఒక్క అంగుళం జరగలేదు. ఆ మాటే ఆయనతో అన్నాను. ఆయన నవ్వి, అనుభవంతో తెలుస్తుందన్నాడు. అనుభవం ఉన్నవాళ్లం అక్కడ ముగ్గురం ఉన్నాం, ముగ్గురం అంకెనే చూశాం. నాకు ఒంట్లో కాస్త మంట పుడితే వారం రోజులు అరిచి ఆఫీసంతా చల్లబరిచాను. గోడకి అవతల రెండు నెలలు చలిలో ఉన్నావిడ ఒక్క మాట అనలేదు, లేదా అన్నది నాకు వినపడలేదు.

అందుకే, పాములు తెలిసినవాళ్లు ఎవరైనా ఇది చదివితే, పాల సంగతి వదిలేసి దీనికి జవాబు చెప్పండి: హాయిగా ఉండి కదలని పాముకీ, చలికి కదల్లేని పాముకీ, మీటర్ లేకుండా చూసి చెప్పగలిగే తేడా ఏమిటి?